ఎల్‌ఎఫ్‌పీ పొడిని ల్యాబుకు ఇచ్చేముందు ఏం చూసుకోవాలి?

మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లా దివిటిపల్లి దగ్గర చిన్న యూనిట్‌లో ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) కాథోడ్ పొడి, అంటే లిథియం బ్యాటరీ పాజిటివ్ ఎలక్ట్రోడ్‌కు వాడే పొడి చేస్తున్నామని, యూనివర్సిటీ ల్యాబులో సెల్ చేయించాలంటే ఎంత పొడి ఇవ్వాలి, ఏం అడగాలి అని ఒకరు అడిగారు.

కాయిన్ సెల్స్‌కైతే (నాణెం ఆకారంలో ఉండే చిన్న పరీక్ష సెల్స్) ఐదు గ్రాములు చాలు. 12 మి.మీ. బిళ్ల మీద పట్టేది రెండు మూడు మిల్లీగ్రాములే. 1 ఆంపియర్-అవర్ పౌచ్ సెల్‌కు (రేకు కవర్‌లో సీల్ చేసే పలుచటి సెల్) ఒక్కోదానికి దాదాపు 7 గ్రాములు పడుతుంది. పది సెల్స్‌కు 70 గ్రాములే కదా అనుకోవద్దు, కోటింగ్ మిషన్ సెట్టయ్యేలోపే బోలెడంత ఫాయిల్ వేస్టవుతుంది. ఒకే లాట్‌ది కిలో ఇవ్వండి. అదే లాట్‌లో పావుకిలో సీల్ చేసి మీ దగ్గరే ఉంచుకోండి. రిజల్ట్ తేడా కొడితే తప్పు పొడిదో కోటింగ్‌దో అప్పుడే తేలుతుంది.

కాయిన్ సెల్ రిపోర్టు ఒక్కటే పట్టుకొని కంపెనీల దగ్గరికి పోవద్దు. అందులో ఎదురుగా లిథియం లోహం ఉంటుంది, ఎలక్ట్రోలైట్ ధారాళంగా పోస్తారు, పూత పల్చగా ఉంటుంది. ఎల్‌ఎఫ్‌పీ కెపాసిటీకి గరిష్ఠ పరిమితి గ్రాముకు 170 మిల్లీఆంపియర్-అవర్లు. ఆ పరిస్థితుల్లో 155 దాకా చూపించడం గొప్పేం కాదు. ఫ్యాక్టరీలో చదరపు సెంటీమీటరుకు 10 నుంచి 15 మిల్లీగ్రాముల పూత వేస్తారు. అంత మందాన్ని తొందరపడి ఆరబెడితే బైండర్ (పొడిని ఫాయిల్‌కు అంటించే జిగురు) పైకి తేలి, పూత ఫాయిల్ నుంచి పొరలుగా లేస్తుంది. అందుకే గ్రాఫైట్ ఆనోడ్‌తో పౌచ్ సెల్ చేయమనండి. రిపోర్టులో పూత బరువు, నొక్కాక సాంద్రత, మొదటి చార్జింగ్‌లో పోయిన కెపాసిటీ తప్పకుండా రాయించండి.

ఎక్కువగా కొంప ముంచేది తేమ. ఎల్‌ఎఫ్‌పీ రేణువులు సన్నగా ఉంటాయి, వానాకాలంలో తేమ ఇట్టే లాగుతాయి. ఆ నీరు ఎలక్ట్రోలైట్‌లోని లిథియం ఉప్పుతో కలిసి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లమవుతుంది. అది కాథోడ్‌లోని ఇనుమును కరిగిస్తుంది. ఇనుము పోయి గ్రాఫైట్ మీద చేరితే సెల్ ఆయుష్షు పడిపోతుంది. పౌచ్ ఉబ్బడమూ మామూలే. పొడిని మామూలు పాలిథిన్ కవర్లో పంపకండి, అల్యూమినియం లామినేట్ కవర్‌లో వాక్యూమ్ సీల్ చేయండి. ఎలక్ట్రోడ్‌ను 120 డిగ్రీల దగ్గర వాక్యూమ్‌లో రాత్రంతా ఆరబెట్టాక, కార్ల్ ఫిషర్ పరీక్షతో తేమ ఎంతుందో కొలిపించండి.

పొడి నూరే బాల్ మిల్ నుంచి రాలే ఇనుప ముక్కలు ఇంకో బెడద. అవి లోపల షార్ట్ చేస్తాయి. పొడిని బలమైన అయస్కాంతం మీదుగా పోనివ్వండి. చార్జ్ చేసిన సెల్స్‌ను రెండు వారాలు కదపకుండా పెట్టి, వోల్టేజ్ ఎంత దిగిందో చూడమనండి, లోపల షార్ట్ ఉంటే అది ఎక్కువగా దిగుతుంది.

పాలమూరు నుంచి దగ్గరంటే కందిలోని ఐఐటీ హైదరాబాద్, బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ (ఇది యూనివర్సిటీ కాదు, ప్రభుత్వ పరిశోధన సంస్థ). ఏఆర్‌సీఐ బ్యాటరీ కేంద్రం మాత్రం చెన్నైలో, ఐఐటీ మద్రాస్ రీసెర్చ్ పార్కులో ఉంది. ఎక్కడికెళ్లినా డబ్బు కట్టేముందే డ్రై రూమ్ (తేమ తీసేసిన గది) ఉందా, దాని డ్యూ పాయింట్ (గాలిలోని తేమ నీరుగా మారే ఉష్ణోగ్రత; ఎంత తక్కువైతే గాలి అంత పొడి) మైనస్ 40 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకన్నా తక్కువ ఉంటుందా అని అడగండి. ఉత్త గ్లవ్ బాక్స్ (గాలి, తేమ చొరకుండా చేతులు పెట్టి పనిచేసే పెట్టె) ఉంటే కాయిన్ సెల్స్‌కు సరిపోతుంది, పెద్ద పౌచ్‌లకు కష్టం. డేటా ఎవరిది, విద్యార్థి దాని మీద పేపర్ రాసుకోవచ్చా అన్నవి సంతకానికి ముందే ఒప్పందంలో పెట్టించండి.