రంజిత్ సింగ్ తోపులు ఒక ముస్లిం చేతిలో ఎందుకున్నాయి?

"మహారాజా రంజిత్ సింగ్ ఫిరంగి దళాన్ని ఒక ముస్లిం నడిపాడట, నిజమేనా? అఫ్గాన్లతో యుద్ధమప్పుడు అతన్ని ఎలా నమ్మారు?" అని అడిగారు.

నిజమే. పేరు మియాన్ ఘౌసా. కొన్నిచోట్ల గౌస్ ఖాన్ అని కూడా రాస్తారు. నేను ఆర్టిలరీలో పనిచేసి రిటైరయ్యాను. గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో ట్రైనింగ్, తర్వాత కొన్నేళ్ళు పంజాబ్‌లో ఫిరోజ్‌పూర్ వైపు పోస్టింగ్. ఆ ఇలాకాలో ఎక్కడ తిరిగినా సిక్కు యుద్ధాల ఊళ్ళే తగులుతాయి. ఈ సంగతుల మీద ఆసక్తి అక్కడే పుట్టింది.

ముందు ఒక సంగతి. రంజిత్ సింగ్ రాకముందు, మిసల్‌ల కాలంలో, అంటే సిక్కులు వేర్వేరు సర్దార్ల కింద దళాలుగా ఉన్న రోజుల్లో, సిక్కు యోధుడంటే రౌతే. గుర్రం మీద వచ్చి కొట్టి, అవతలివాడు తేరుకునేలోపు మాయమవ్వాలి. కాలినడకన పోరాడటమే చిన్నతనం అనుకునేవాళ్ళు, ఇక ఎడ్లు లాగే తోపు పక్కన నడవమంటే ఎవరొస్తారు? తోపు పని తెలిసినవాళ్ళు అప్పట్లో ఎక్కువగా ముస్లింలు. రంజిత్ సింగ్ తోపఖానాలో గోలందాజులు, అంటే గుండు పేల్చేవాళ్ళు, చాలావరకు వాళ్ళే. దరోగా, అంటే తోపఖానా అధిపతి, పదవి ఘౌసాకు దక్కడంలో వింతేమీ లేదు.

పని తెలియడం అంటే ఏమిటో కొంచెం చెప్పాలి, ఎందుకంటే చరిత్ర పుస్తకాలు దీన్ని ఒక్క వాక్యంలో దాటేస్తాయి. మూతి నుంచి మందు దట్టించే తోపును ఒకసారి పేల్చాక గొట్టంలో నిప్పురవ్వలు మిగులుతాయి. తడిపిన కుచ్చు ఉన్న పొడవాటి కర్రతో వాటిని ఆర్పాలి. ఆర్పకుండా కొత్త మందు సంచి తోస్తే అది లోపలే అంటుకుని, తోసేవాడి చేతులు పోతాయి. తోస్తున్నంతసేపూ వెనకనున్నవాడు పైన నిప్పుపెట్టే రంధ్రాన్ని వేలితో మూసి ఉంచాలి. వేలు కాలుతున్నా తీయకూడదు, గాలి తగిలితే లోపలి రవ్వ రాజుకుంటుంది. ఆ తర్వాత గుండు, గురి, నిప్పు. పేలగానే తోపు వెనక్కి దూకుతుంది, మళ్ళీ ముందుకు నెట్టాలి. ఇదంతా ఎదురుగా గుర్రాలు దూసుకొస్తుంటే చేయాలి. మేం వాడిన 105 ఎంఎం గన్‌కి ఈ తంటాలు లేవు కానీ, డిటాచ్‌మెంట్‌లో, అంటే ఒక తోపు జట్టులో, ఒక్కడు తడబడితే అందరి ప్రాణాల మీదికి వస్తుందన్నది అప్పుడూ ఇప్పుడూ ఒకటే. ఇలాంటి జట్టుకి పెద్దని పెట్టేటప్పుడు ఎవరైనా చూసేది చేతిలో పని ఉందా అనే.

నాకు ఇంకో కారణం కూడా తోస్తుంది. సొంత కోట, సొంత బలగం ఉన్న పెద్ద సర్దారు చేతికి తోపులిస్తే, రేపు ఏదైనా తేడా వస్తే అవే రాజధాని లాహోర్ వైపు తిరగొచ్చు. మహారాజు దయ మీద పైకొచ్చినవాడితో ఆ టెన్షన్ తక్కువ. రంజిత్ సింగ్ మామూలు లెక్కల మనిషి కాదు. విదేశీ వ్యవహారాలు ఫకీర్ అజీజుద్దీన్ చేతిలో పెట్టాడు. అమృత్‌సర్‌లోని గోబింద్‌గఢ్ కోటను అజీజుద్దీన్ తమ్ముడు ఇమాముద్దీన్‌కి అప్పగించాడు.

1809లో ఇంగ్లిష్ కంపెనీ తరఫున మెట్‌కాఫ్ రాయబారానికి వచ్చినప్పుడు, అతని వెంట ఉన్న కొద్దిమంది సిపాయిలు అమృత్‌సర్‌లో మొహర్రం జరుపుకుంటుంటే అకాలీలు, అంటే సిక్కు మత యోధులు, మీదపడ్డారు. ఆ చిన్న దండు వరస చెదరకుండా నిలబడి వాళ్ళను వెనక్కి కొట్టింది. అది చూశాక కవాతు చేసే పదాతి మీద, తోపుల మీద మహారాజుకు గురి ఇంకా పెరిగిందంటారు.

ఇక మీ అసలు ప్రశ్న. ఘౌసాకు పరీక్ష 1813 జులైలో అటక్ దగ్గర ఛచ్ మైదానంలో వచ్చింది. అవతల కాబూల్ వజీరు ఫతే ఖాన్, అతని తమ్ముడు దోస్త్ మహమ్మద్. ఇవతల సేనాని దివాన్ మొహ్కమ్ చంద్, తోపులు ఘౌసావి. పదాతి చదరంగా నిలబడి తోపులను కాచింది. అఫ్గాన్ రౌతుల మొదటి దాడి ఆ తోపుల దెబ్బకే తిరిగిపోయింది. రెండోసారి దోస్త్ మహమ్మద్ వచ్చి ఒక పక్కను చెదరగొట్టి, కొన్ని తోపులు కూడా పట్టుకున్నాడు. మొహ్కమ్ చంద్ ఏనుగెక్కి ఎదురుదాడి చేస్తే గానీ నెగ్గలేదు. తోపులు పోయిన ఆ క్షణంలో పక్షం మార్చాలనుకునేవాడికి అంతకన్నా మంచి అవకాశం ఉంటుందా? ఘౌసా మారలేదు, మరుసటి ఏడు కూడా తోపఖానా అతనిదే.

ఆ మరుసటి ఏడే, 1814లో, కశ్మీర్ దండయాత్ర వానల్లో, కొండల్లో చెడింది. తిరుగుదారిలో ఘౌసా చనిపోయాడు. అతని స్థానంలోకి మిస్ర్ దివాన్ చంద్ అనే బ్రాహ్మణుడు వచ్చి, 1818లో ముల్తాన్‌నీ, 1819లో కశ్మీర్‌నీ గెలిచాడు. ఘౌసా కొడుకు సుల్తాన్ మహమూద్ కూడా తోపుల అధికారే అయ్యాడు. యూరోపియన్ పద్ధతిలో కవాతు నేర్పిన ప్రత్యేక దళం ఫౌజ్-ఇ-ఖాస్ తోపులు ఇలాహీ బఖ్ష్ నడిపాడు.

ఇది పంజాబ్‌కే ప్రత్యేకం కూడా కాదు. 1761 పానిపట్టులో మరాఠాల తోపులు ఇబ్రహీం ఖాన్ గార్దీవి. అంతకుముందు అతను నిజాం కొలువులో ఉంటూ బుస్సీ దగ్గర పని నేర్చుకున్నాడు. అవును, మన బొబ్బిలి మీదికి వచ్చిన బుస్సీయే. ఎదురుగా ఉన్నది తన మతంవాడైన అఫ్గాన్ రాజు అబ్దాలీ అయినా గార్దీ మరాఠాలను వదల్లేదు. యుద్ధం తర్వాత అతన్ని పట్టుకుని చంపారు.

నమ్మకం సంగతి ఎత్తారు కాబట్టి ఇంకొకటి. ఇంగ్లిష్ వాళ్ళతో జరిగిన 1845-46 సిక్కు యుద్ధంలో ద్రోహం చేశారని పంజాబ్‌లో ఈనాటికీ తిట్టేది ఇద్దరిని: వజీరు లాల్ సింగ్, సేనాధిపతి తేజ్ సింగ్. ఫిరోజ్‌షాలో అలసిన ఇంగ్లిష్ సైన్యం ఎదురుగా కనిపిస్తుంటే తాజా బలగంతో వచ్చిన తేజ్ సింగ్ వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత సోబ్రావ్ పోరులోనూ ముందే జారుకున్నాడు. అక్కడ 67 తోపులు ఇంగ్లిష్ వాళ్ళ చేతిలో పడ్డాయి. గోలందాజులు మాత్రం నరికేదాకా తోపుల దగ్గరే ఉన్నారని రాసింది వాళ్ళ శత్రువులే.

ఫిరోజ్‌పూర్ నుంచి మోగా వైపు వెళ్తే ఫిరోజ్‌షా దగ్గర ఆంగ్లో-సిక్కు యుద్ధ స్మారక మ్యూజియం ఉంది. వీలైతే చూడండి.