సేమ్యా పోగంత నాళానికి గంటసేపా?

ప్రశ్న: సార్, మాది తిరుపతి, కొర్లగుంట. మా అమ్మాయి ఫార్మకాలజీలో పీహెచ్‌డీ చేస్తా ఉంది. ఏం చేసినావమ్మా ఈరోజు అంటే చిట్టెలక రక్తనాళం తీసి కొవ్వు క్లీన్ చేసినా, దానికే గంట పట్టింది అంటుంది, మెడనొప్పి అని పడుకుంటుంది. మటన్ కొట్టులో మేకనే అరగంటలో కొట్టేస్తారే, దీనికి గంటేంది? వాళ్ల నాయనకు పోయినేడు స్టెంట్ వేసినారు, ఎలకలో చూసింది మనిషికి పనికొస్తుందా?

జవాబు: అమ్మా, మటన్ కొట్టు అనేసరికి నవ్వొచ్చింది గానీ అడగాల్సిందే అడిగినారు. ఆ చిట్టెలక మొత్తం బరువే 25, 30 గ్రాములు, గుండె నిమిషానికి 500, 600 సార్లు కొట్టుకుంటుంది, గుండెలోంచి బయల్దేరే అయోర్టా, అంటే ఒంట్లోకెల్లా పెద్ద నాళం, అదే దాదాపు ఒక మిల్లీమీటరు లావు, ఉడికిన సేమ్యా పోగనుకోండి. మత్తిచ్చినాక గుండె ఎడమ గదిలోకి సూదితో సెలైన్ లాంటిది ఎక్కిస్తారు, కుడివైపు పెట్టిన గాటులోంచి రక్తం పోయి నాళం తెల్లబడుతుంది. ఆమీద మైక్రోస్కోపు కింద సన్న పట్టకారుతో చుట్టూ ఉండే కొవ్వు తీయాలి. చింతపండులో ఈనెలు లాగతాం చూడండి, అట్లా, కాకపోతే ఇక్కడ పండు నలగకూడదు.

కొవ్వు మిగిలిపోతే ఏమవుతుందంటే, తర్వాత నాళాన్ని నిలువుగా చీల్చి పరిచి ఆయిల్ రెడ్ ఓ అనే రంగు వేస్తారు, లోపల పేరుకున్న కొవ్వు కుంకుమ చల్లినట్టు ఎర్రగా కనిపిస్తుంది, బయట వదిలేసిన కొవ్వూ అంతే ఎర్రగా అవుతుంది, లేని జబ్బు ఉన్నట్టు లెక్కకొస్తుంది.

ఇంకోటి, నాళం లోపల ఒకే ఒక్క కణం మందాన ఎండోథీలియం అని పొర ఉంటుంది. నేను చదివేటప్పుడు నాళం ముక్కలు మందుకి వదులు కావాల్సింది పోయి బిగుసుకునేవి, నెలరోజులు మందునే తిట్టుకున్నా, తీరా చూస్తే నా పట్టకారే ఆ పొరను గీకేస్తోంది. అమెరికాలో ఫర్చ్‌గాట్ అనే శాస్త్రవేత్త 1980లో కుందేలు నాళాల మీద తేల్చింది ఇదే, లోపలి పొర రుద్దుకుపోతే, నాళాన్ని వదులు చేసే అసిటైల్‌కోలిన్ అనే పదార్థం ఇచ్చినా నాళం వదులు కాదని. ఆ దారినే పోతే, ఆ పొర నుంచి వచ్చి నాళాన్ని వదులు చేసే వాయువు నైట్రిక్ ఆక్సైడ్ అని బయటపడింది, 1998లో ఇంకో ఇద్దరితో కలిపి నోబెల్ ఇచ్చినారు.

మనిషికి పనికొస్తుందా అంటే, కొంతవరకే. మామూలు చిట్టెలకకు అసలు నాళాలు పూడుకోవు, దాని కొలెస్ట్రాల్ ఎక్కువగా మంచి రకం, హెచ్‌డీఎల్. అందుకే 1992లో, రక్తంలోంచి కొవ్వును తీసేయడానికి పనికొచ్చే ఏపీవోఈ అనే జీన్ తీసేసిన చిట్టెలకల్ని తయారుచేసినారు, వాటికి మామూలు తిండికే పూడుకుంటుంది. అయితే మీ ఆయనకు పూడింది గుండె మీది సన్న నాళం, ఈ చిట్టెలకల్లో ఎక్కువగా అయోర్టా మొదట్లో, వంపులో పేరుకుంటుంది, మనిషిలో లాగా అది పగిలి గుండెపోటు రావడం చాలా అరుదు. కొవ్వు గోడలోకి ఎట్లా దూరుతుంది, ఏ మందు ఆపుతుంది అనేవరకు బాగా చెబుతాయి, ఆ పైన మనుషుల్లోనే చూడాల.

మెడనొప్పికి మాత్రం స్టూలు ఎత్తు పెంచుకోమనండి, మైక్రోస్కోపులోకి వంగి చూస్తా ఉంటుంది, పందెం.