ఇంటి నుంచి ఉద్యోగం సరే, అదే మొదటి ఉద్యోగం కావాలా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి, బట్టల దుకాణం. మా అమ్మాయి ఎంసీఏ పూర్తి చేసింది. రెండు ఉద్యోగాలు వచ్చాయి. ఒకటి విశాఖపట్నంలో ఆఫీసుకు వెళ్లి చేసేది, మరొకటి ఇంటి నుంచే. రెండోదానికి జీతం కాస్త ఎక్కువ. దాని ఇంటర్వ్యూ మా బట్టల మూటల గదిలో కూర్చుని ఇచ్చింది, అవతల చీర బేరం వినబడుతూనే ఉంది. వారమంతా టెక్నాలజీ వ్యాసాలు చదివి, ఆదివారం భోజనాల దగ్గర నాకు వినిపిస్తుంది. ఒక వారం అందరినీ ఆఫీసుకు రమ్మంటున్నారని, మరో వారం ఆఫీసులే అక్కర్లేదని. దేన్ని నమ్మాలి?

జవాబు: నమస్కారమండీ. రెండూ నిజమే. అమెజాన్ 2025 జనవరి నుంచి ఆఫీసు సిబ్బందిని వారానికి ఐదు రోజులూ రమ్మంది. గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థకు అసలు ఆఫీసే లేదు. అమ్మాయి చదవడం మంచి అలవాటే. అయితే ఆ వార్తల్లో తనలాంటి కొత్తవారు ఎక్కడున్నారో కూడా వెతకాలి.

చైనాలో సీట్రిప్ అనే ప్రయాణాల సంస్థ 2010 చివర్లో ఒక ప్రయోగం మొదలుపెట్టింది. కాల్ సెంటర్‌లో ఇంటి నుంచి పనిచేయడానికి ఇష్టపడి ముందుకొచ్చినవారిలో, పుట్టిన తేదీ సరిసంఖ్య అయినవారిని ఇంటి నుంచి చేయమంది, బేసిసంఖ్య వారిని ఆఫీసులోనే ఉంచింది. తొమ్మిది నెలల్లో ఇంటి నుంచి చేసినవారి పని 13 శాతం పెరిగింది. అందరూ చెప్పుకునేది ఇంతవరకే. నాకు ఆసక్తిగా తోచింది షరతులు: సంస్థలో కనీసం ఆరు నెలలు పనిచేసి ఉండాలి, ఇంట్లో విడిగా గది ఉండాలి, బ్రాడ్‌బ్యాండ్ ఉండాలి. వారానికి ఒక రోజు ఎలాగూ ఆఫీసే. అన్నీ ఉన్నా, చివరికి ఇంటి నుంచి చేసినవారిలో దాదాపు సగం మంది ఒంటరితనం భరించలేక ఆఫీసుకే వచ్చేశారు.

పని తెలిసినవారినే ఇంటికి పంపారన్నమాట. మీ దుకాణంలో కొత్త కుర్రాడికి తానులోంచి బట్ట చింపడం ఫోనులో నేర్పగలరా? ప్రోగ్రామ్ ఎక్కడో ఆగిపోయినప్పుడు ఆఫీసులో పక్కవారు కుర్చీ తిప్పి చూస్తారు. ఇంట్లో సందేశం పెట్టి ఎదురు చూడాలి. అదే సందేహం మూడోసారి అడగడానికి కొత్తవారికి మొహమాటం. అందుకే నా ఓటు విశాఖపట్నానికి, కనీసం ఏడాదిన్నర.

అమ్మాయి ఇంటి ఉద్యోగమే కావాలంటే, ఆ సంస్థను కొన్ని అడగమనండి. పని నేర్పేది ఎవరు? అమెరికా వేళలా? న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిదంటే మనకు వేసవిలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. ల్యాప్‌టాప్ కోసం డిపాజిట్ కట్టమంటే మాత్రం మాట్లాడకుండా ఫోను పెట్టేయమనండి. కరెంటు సంగతి మీకు చెప్పాలా? 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మీ జిల్లాను ఏం చేసిందో చూసినవారు మీరు. అలాంటి రోజుల్లో సెలవిస్తారో, జీతం కోస్తారో ముందే రాతపూర్వకంగా తీసుకోవాలి.

ఆదివారం కబుర్లు మాత్రం మానిపించకండి. నోటితో చెప్పేది ఒక పేజీ ఇంగ్లీషులో రాయమనండి, చాలు. దూరం నుంచి చేసే పని సగం రాతలోనే నడుస్తుంది. చదివినవారు మళ్లీ ఫోను చేసి అడిగే అవసరం లేకుండా రాయగలిగితే, ఆమె సిద్ధమైనట్టే.

ఇంటర్వ్యూ బట్టల మూటల గదిలో కూర్చుని ఇచ్చిందని, అవతల చీర బేరం వినబడిందని రాశారు. ఆ గదికి మంచి తలుపు ఒకటి పెట్టించండి. తొందరేమీ లేదు, ఏడాదిన్నర గడువుంది.