పాత జెట్ ట్రైనర్ కొంటే ఖర్చెంత, దక్కేదేంటి?

ప్రశ్న: మా తమ్ముడు టెక్సాస్‌లో ఉద్యోగం చేస్తూ పైలట్ లైసెన్సు తీసుకున్నాడు. ఇద్దరు స్నేహితులతో కలిసి, సైన్యం వాడి వదిలేసిన ఎల్-39 జెట్ కొంటానంటున్నాడు. రెండున్నర లక్షల డాలర్లు చెబుతున్నారట. మోయగలిగే ఖర్చేనా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ముగ్గురికీ మంచి సంపాదన ఉంటే మోయొచ్చు. కానీ ఆ ధర ఒక్కటే చూసి నిర్ణయం తీసుకోవద్దని చెప్పండి. ఎల్-39 అప్పటి చెకోస్లొవేకియాలో తయారైన రెండు సీట్ల శిక్షణ విమానం. 1968లో తొలిసారి ఎగిరింది. వేల సంఖ్యలో తయారైంది కాబట్టి విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతున్నాయి. పాత జెట్లలో చాలామంది దీన్నే ఎంచుకోవడానికి ముఖ్య కారణం అదే.

ముందు ఇంధనం. ఎత్తును, వేగాన్ని బట్టి మారుతుంది గానీ, గంటకు సుమారు 150 అమెరికన్ గ్యాలన్లు, అంటే దాదాపు 570 లీటర్లు తాగుతుంది. గ్యాలన్ 6 డాలర్లు అనుకుంటే గంటకు 900 డాలర్లు. ఏడాదికి 50 గంటలు ఎగిరితే ఇంధనానికే 45,000 డాలర్లు. హ్యాంగర్ అద్దె, బీమా, ఏటా తప్పనిసరి తనిఖీ మాత్రం ఎగిరినా ఎగరకపోయినా ఉంటాయి. ముగ్గురు పంచుకుంటే తగ్గేవి ఇవే. ఇంధనం ఎవరు ఎగిరితే వాళ్లదే. అలాగని తక్కువ ఎగిరి డబ్బు మిగుల్చుకుందామంటే కుదరదు. నెలల తరబడి నిలబెడితే హైడ్రాలిక్ సీళ్లు ఎండిపోయి ఆయిల్ కారుతుంది, టైర్లు ఒకేచోట అణిగిపోతాయి.

కొనేముందు విమానం కన్నా లాగ్‌బుక్కులను (ఎగిరిన గంటలు, చేసిన మరమ్మతులు రాసే పుస్తకాలు) ఎక్కువసేపు చూడాలి. దీని ఇంజిన్ ఏఐ-25టీఎల్. చివరి ఓవర్‌హాల్ (పూర్తిగా విప్పి చేసే మరమ్మతు) తర్వాత ఎన్ని గంటలు నడిచింది, ఎన్నేళ్లయింది అన్నవి విడివిడిగా అడగమనండి. గంటలు మిగిలి ఉన్నా ఏళ్ల గడువు దాటిన ఇంజిన్ ఉన్న విమానం చవగ్గా కనిపిస్తుంది. తర్వాత ఇంజిన్ మార్చాల్సివస్తే ధరలో పెద్ద వాటా మళ్లీ పెట్టినట్టే. ప్రమాదంలో పైలట్‌ను సీటుతో సహా బయటికి విసిరే ఎజెక్షన్ సీట్లలోని పేలుడు కార్ట్రిడ్జ్‌లకూ గడువు తేదీలుంటాయి. ఆ బాదరబందీ వద్దని చాలామంది వాటిని తీయించేస్తారు. ఉంచుకుంటే సీటు నేలమట్టం ఎత్తులో కూడా పనిచేస్తుంది, కాకపోతే విమానం కనీసం గంటకు 150 కిలోమీటర్ల వేగంతో వెళుతూ ఉండాలి. తీయించాలా, ఉంచాలా అన్నది ముగ్గురూ కొనక ముందే తేల్చుకోవాలి.

మీ ఇంట్లో అసలు భయపడాల్సింది ఒక విషయానికి. ఈ ఇంజిన్ ఐడిల్ (కనిష్ఠ శక్తి) నుంచి పూర్తి శక్తికి రావడానికి 9 నుంచి 12 సెకన్లు పడుతుంది. చిన్న పిస్టన్ విమానాలకు అలవాటుపడ్డ పైలట్ దిగేటప్పుడు థ్రాటిల్ (ఇంజిన్ శక్తిని పెంచే, తగ్గించే లివర్) మొత్తం వెనక్కి లాగేస్తాడు. ఎత్తు చాలదని తెలిసి ముందుకు నెట్టినా, శక్తి అందేలోపు నేల వచ్చేస్తుంది. అందుకే చక్రాలు, ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కిందికి వాలే పలకలు) దింపి, ఆ గాలి ఒత్తిడికి ఎదురుగా ఇంజిన్‌ను గట్టిగా తిప్పుతూనే రన్‌వే మీదికి రావాలి. నేల మీదా తేడా ఉంది. బ్రేకు లివర్ విమానాన్ని నడిపే స్టిక్ మీద ఉంటుంది, ముందు చక్రానికి స్టీరింగ్ లేదు. ఒకవైపు బ్రేకు వేసి తిప్పాలి. కొత్తవాళ్లు రన్‌వే దాకా నేల మీద నడిపేటప్పుడే బ్రేకులు వేడెక్కిస్తారు. ఈ రకానికి ఎఫ్‌ఏఏ (అమెరికా పౌర విమానయాన సంస్థ) అనుమతి విడిగా తీసుకోవాలి. దానికి ముందు ఈ విమానం తెలిసిన శిక్షకుడి దగ్గర నేర్చుకునే ఖర్చులో పైసా కూడా తగ్గించుకోవద్దని గట్టిగా చెప్పండి.

అమెరికాలో దీన్ని ఎక్స్‌పెరిమెంటల్ ఎగ్జిబిషన్ కేటగిరీలో నమోదు చేస్తారు. ఆ కేటగిరీ విమానంలో అది కుదరదు కాబట్టి, డబ్బు తీసుకుని జనాన్ని ఎక్కించుకుందాం, ఖర్చు రాబట్టుకుందాం అన్న లెక్క ఉంటే కొట్టేయమనండి.

మరి దక్కేదేంటంటే, వెనక సీటు ఎత్తుగా ఉండటంతో అక్కడ కూర్చున్నవాళ్లకు ముందున్న పైలట్ తల మీదుగా రన్‌వే కనిపిస్తుంది. స్టిక్ కాస్త పక్కకి వాలిస్తే విమానం సాఫీగా దొర్లుతుంది. ముందు ప్రొపెల్లర్ లేదు, కాబట్టి అదురూ లేదు. గంటకు 700 కిలోమీటర్ల వేగాన్ని సొంత చేతుల్లో పట్టుకునే అవకాశం ఈ ధరలో ఇచ్చే విమానాలు తక్కువే. నిజంగా ఏడాదికి 50 గంటలు ఎగిరేట్టయితే కొనమనండి.

ప్రశ్న: అలాంటి జెట్ తెచ్చుకుని కడప నుంచి ఎగరేయొచ్చా?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: రన్‌వేతో ఇబ్బంది లేదు. ఎల్-39కి మామూలు వాతావరణంలో టేకాఫ్ పరుగు 530 మీటర్లే. మే ఎండకు గాలి పలచబడి అది పెరిగినా, కడపలోనూ, 2,000 మీటర్ల ఓర్వకల్లు రన్‌వే మీదా సరిపోతుంది. అడ్డం కాగితాల దగ్గరే. దిగుమతికి ముందస్తు అనుమతి, డీజీసీఏ (మన పౌర విమానయాన నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్, ఎగరడానికి తగినదని చెప్పే ఎయిర్‌వర్తీనెస్ సర్టిఫికెట్ కావాలి. సైన్యం కోసమే తయారైన జెట్‌కు పౌర విమానంగా టైప్ సర్టిఫికెట్ (ఆ నమూనా డిజైన్‌కు ఇచ్చే ఆమోదం) ఉండదు. అక్కడే ఆగిపోతుంది. 2015 ఆగస్టు 22న ఇంగ్లండ్‌లోని షోరమ్‌ ఎయిర్‌షోలో పాత హంటర్ యుద్ధ జెట్ రోడ్డు మీద కూలి 11 మంది చనిపోయాక బ్రిటన్ కూడా నిబంధనలు బిగించింది. ఎవరైనా ‘మేం తెచ్చి పెడతాం’ అంటే అడ్వాన్సు ఇవ్వకండి.

ప్రశ్న: మా ఇంజనీరింగ్ కాలేజీ ఆవరణలో వాయుసేన కిరణ్ విమానం పెట్టాలనుకుంటున్నాం. ఏం చూసుకోవాలి?
– ఒక అధ్యాపకురాలు, కర్నూలు

జవాబు: చాలా మంచి ఆలోచన. హెచ్‌ఏఎల్ తయారుచేసిన శిక్షణ జెట్ కిరణ్ 1964లో తొలిసారి ఎగిరింది. దుండిగల్ వాయుసేన అకాడమీలో తరతరాల పైలట్లు దీని మీదే నేర్చుకున్నారు. పిల్లలకు ఇంతకన్నా మంచి పాఠం ఉండదు. అభ్యర్థన వాయుసేన ప్రధాన కార్యాలయానికి పంపండి. రవాణా, దిమ్మె, నిర్వహణ ఖర్చులు మీరే భరించడానికి సిద్ధపడండి.

రెక్కల చివర నుంచి చివరకు సుమారు 10.7 మీటర్లు. రెక్కలు విప్పి లారీ మీద తేవాలి, మళ్లీ బిగించడానికి తెలిసినవాళ్లు కావాలి. బరువు మూడు టన్నుల లోపే. బరువు కన్నా నేలతోనే జాగ్రత్త. మీది నల్లరేగడి అయితే వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిస్తుంది. దాన్ని తవ్వి తీసేసి, గ్రావెల్ నింపి దట్టించాకే కాంక్రీటు వేయించండి. చక్రాల మీద కాకుండా జాకింగ్ పాయింట్ల (జాకీతో విమానాన్ని ఎత్తే చోట్లు) కింద ఇనుప స్టాండ్లు పెట్టండి. గాలిదుమారానికి కదలకుండా కొక్కేలతో కట్టేయించండి. సీట్లు, పరికరాలు తీసేసిన విమానం తోక బరువుకు వెనక్కి కూలబడొచ్చు. ముందు భాగంలో బరువు వేసి, తోక కింద ఆధారం పెట్టించండి.

ఎజెక్షన్ సీట్ల కార్ట్రిడ్జ్‌లు తీసేసినట్టు రాతపూర్వకంగా తీసుకోకుండా పిల్లల్ని కాక్‌పిట్ ఎక్కనివ్వొద్దు. మీ వైపు తక్కువ వాన లోహానికి మేలే చేస్తుంది. ఎండకు మాత్రం పైకప్పు అద్దం పసుపెక్కి పగుళ్లిస్తుంది, కాబట్టి గుడ్డ తొడుగు కుట్టించండి. ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారుల్లో పక్షులు, కందిరీగలు గూళ్లు కట్టకుండా సన్నటి జాలీ బిగించండి. వానాకాలానికి ముందు కింది భాగంలో నీళ్లు పోయే చిల్లులు పూడిపోకుండా తీయించండి.