అనువాద కవితను ఏ పత్రికకు పంపాలి? – సమాధానం

నమస్కారమండీ. శ్రీశైలం జలాశయంలో మునిగిన ఊరే గొంతు విప్పి మాట్లాడే మీ స్పెక్యులేటివ్ (అంటే వాస్తవానికి అతీతమైన ఊహాకల్పనతో సాగే) కవితను ఇంగ్లీషులోకి అనువదించారని, అనువాదమని తిరస్కరిస్తారేమోనని సందేహిస్తున్నారని రాశారు. 2000లో మొదలై, కథలు, కవితలు, సమీక్షలు ఉచితంగా అందిస్తున్న ‘స్ట్రేంజ్ హొరైజన్స్’ అనే ఇంగ్లీషు స్పెక్యులేటివ్ సాహిత్య ఆన్‌లైన్ పత్రికకు 2017 నుంచి ‘సమోవార్’ అనే సోదర పత్రిక ఉంది. అనువాదాలకే కేటాయించిన ఆ పత్రిక ఇంగ్లీషు పాఠంతో పాటు మూలాన్నీ ప్రచురిస్తుంది కనుక, ఎంపికైతే మీ కవిత తెలుగు లిపిలోనూ అక్కడ నిలుస్తుంది. నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఇదే.

రచనల స్వీకరణ ఏడాది పొడవునా ఉండకపోవచ్చు కాబట్టి ముందుగా నిబంధనల పేజీ చూడండి. మూలం ఇదివరకే తెలుగులో అచ్చయి ఉంటే ఆ సంగతి లేఖలో తప్పక తెలపండి.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతాను. ‘పోచమ్మ’, ‘బొడ్రాయి’ వంటి మాటలను ఇంగ్లీషు పదాలతో మార్చకండి, పాదసూచికలతో నింపకండి. పరాయి లోకాల పేర్లను సందర్భాన్ని బట్టి గ్రహించడం ఈ సాహిత్యం చదివేవారికి అలవాటే. బొడ్రాయి ఊరి నడిబొడ్డున పాతిన రాయి అని మీ పాదాల్లోనే తెలిసేలా ఉంటే చాలు.