మొదటి వారం ముద్ర అప్రైజల్ దాకా వెంటాడితే

ప్రశ్న: ప్రైవేటు కంపెనీ అకౌంట్స్ విభాగంలో సీనియర్‌ని. నా కింద అయిదుగురు. ఆరు నెలల కిందట చేరిన కుర్రాడు మొదటి వారంలోనే రెండుసార్లు ఆలస్యంగా వచ్చాడు, ఒక ఇన్వాయిస్ రెండుసార్లు ఎక్కించాడు. అప్పట్నుంచి అతనేం చేసినా నాకు తప్పే కనిపిస్తోంది. వచ్చే నెల అప్రైజల్. ‘ఒక్కసారి ఫంక్షన్‌కి లేటయ్యాడని మా తమ్ముణ్ణీ ఇలాగే చూస్తారు’ అని మా ఆవిడ దెప్పుతోంది. లోపం నాదేనా?

జవాబు: అందరి బుర్రలూ పనిచేసే తీరే అది. కాకపోతే రేటింగ్ మీ చేతిలో ఉంది కాబట్టి దాని బరువు ఆ కుర్రాడి మీద పడుతుంది.

సాలమన్ యాష్ అనే మనస్తత్వవేత్త 1946లో ఒక మనిషి గుణాల జాబితా చదివి వినిపించారు. ‘తెలివైనవాడు, కష్టపడేవాడు’తో మొదలై ‘మొండివాడు, అసూయపరుడు’తో ముగిస్తే విన్నవాళ్లకు అతని మీద మంచి అభిప్రాయం కలిగింది. అవే మాటలు చివర్నుంచి మొదటికి చదివితే అభిప్రాయం దిగజారింది. మీకు ఆలస్యం, రెండుసార్లు ఎక్కించిన ఇన్వాయిస్ ముందొచ్చాయి. అవే నాలుగో నెలలో జరిగుంటే ‘పాపం, ఏదో ఇబ్బందిలో ఉన్నాడు’ అనుకునేవారేమో.

అసలు చిక్కు ఆ తర్వాతే. అతని ఎంట్రీలు మీరు మూడుసార్లు తిరగేస్తారు, మిగతా నలుగురివి పైపైన చూస్తారు. ఎక్కడ వెతికితే తప్పులు అక్కడే దొరుకుతాయి. ‘ఇది కూడా తెలీదా’ అంటారన్న భయంతో అతను సందేహాలు అడగడం మానేస్తాడు. అడగనివాడు ఊహించి ఎక్కిస్తాడు, ఊహ తప్పుతుంది, ‘నేననుకున్నదే’ అని మీకు రూఢి అవుతుంది. పనికిరాడని పేరు పడినవాళ్లలో కొందరు ఇలా తయారైనవాళ్లే.

నెల గడువుంది, చాలు. ఈ నాలుగు వారాలూ అయిదుగురి పనీ ఒకే నోట్‌బుక్‌లో రాయండి. అతనొక్కడిదే రాస్తే అది నేరాల చిట్టా అవుతుంది. తేదీ, పని, గడువు, ఫలితం ఉండాలి, విశేషణాలు వద్దు. ‘నిర్లక్ష్యం’ అని కాకుండా ‘7వ తేదీ, బ్యాంక్ రీకన్సిలియేషన్, రెండు ఎంట్రీలు కలవలేదు, సాయంత్రానికి సరిచేశాడు’ అని ఆ రోజే రాయండి. వారాంతంలో గుర్తుచేసుకుని రాస్తే జ్ఞాపకం పాత ముద్రకే వత్తాసు పలుకుతుంది.

వారానికోసారి ఒక్కొక్కరి ఎంట్రీలు పదేసి, పేర్లు కనబడకుండా వేరొకరి చేత ప్రింట్ తీయించి చూడండి. తప్పులు లెక్కపెట్టాకే పేర్లు అడగండి. పోలిక సమంగా ఉండాలి: 11వ తేదీ జీఎస్టీఆర్-1 (అమ్మకాల జీఎస్టీ రిటర్ను) గడువు ముందు హడావుడిలో ఎక్కించినవాటిని మామూలు రోజులవాటి పక్కన పెట్టకండి. ఇన్ని చూశాక కూడా అతనివే తప్పులు ఎక్కువుంటే, తేదీలతో సహా చెప్పి రేటింగ్ తగ్గించండి. అందులో అన్యాయమేమీ లేదు.

తప్పు దొరికినప్పుడు ‘ఎందుకిలా చేశావ్’ అంటే సంజాయిషీ వస్తుంది, సమాచారం రాదు. ‘ఈ బిల్లు నీకెలా వచ్చింది, ఎక్కించేముందు ఏం సరిచూశావు’ అని అడగండి. ఒకే బిల్లు మెయిల్లో ఒకసారి, కాగితం మీద ఇంకోసారి వచ్చినా రెండుసార్లు ఎక్కిపోతుంది.

మనస్తత్వవేత్త జోన్ మిల్లర్ 1984లో ప్రచురించిన అధ్యయనంలో, ఎదుటివారి పనులకు అమెరికన్లు స్వభావాన్ని ఎక్కువగా కారణం చెబితే, మైసూరు పెద్దవాళ్లు పరిస్థితుల్ని ఎక్కువగా చెప్పారు. మనవైపు ఉన్న ఆ మంచి అలవాటు అప్రైజల్ ఫారం ముందు మాయమవుతుంది. అందులో గడులన్నీ ‘చొరవ’, ‘బాధ్యత’ లాంటి గుణాలకేగా!

ఫారాలు ఒక్కొక్కరివీ పూర్తిచేస్తూ పోకండి. ముందు ‘కచ్చితత్వం’ అయిదుగురికీ, తర్వాత ‘గడువు’ అయిదుగురికీ, అలా నింపండి. సైన్యంలో పై అధికారులు ఇచ్చిన మార్కుల్లో శరీర దారుఢ్యం, తెలివి, నాయకత్వం అనుమానం వచ్చేంతగా ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయని మనస్తత్వవేత్త థార్న్‌డైక్ 1920లోనే చూపించారు. హాలో ఎఫెక్ట్ అనేది దాన్నే: ఒక గుణం మీది అభిప్రాయం మిగతా గుణాలకూ అంటుకోవడం. మీకు నచ్చిన ఉద్యోగి రేటింగ్ కూడా ఈ పద్ధతిలో కిందికి దిగొచ్చు, సిద్ధంగా ఉండండి.

కుర్రాడితో ఒక్కసారిగా తేనెలొలికేలా మాట్లాడితే భయపడతాడు. ఓ పావుగంట కూర్చోబెట్టి ‘మొదటి వారం సంగతి నేను మనసులో పెట్టుకున్నట్టున్నాను. ఇకనుంచి అందరి పనీ ఒకేలా చూస్తాను. సందేహముంటే నన్నే అడుగు’ అనండి, చాలు. మొదటిసారి అడగడానికి వచ్చినప్పుడు మాత్రం మొహం చిట్లించకండి.

మీ బావమరిదికి నోట్‌బుక్ అక్కర్లేదు. అతను వేళకొచ్చిన సందర్భాలు చెప్పమని మీ ఆవిడనే అడగండి, మధ్యలో అడ్డుపడకుండా వినండి.