కరెంటు బ్రష్ ఎవరికి కొనాలి?

చి.సౌ. అమ్మడికి, పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన బ్రష్షుల ఫొటోలన్నీ చూశాను. ఆదివారంతో ఆఫర్ అయిపోతుంది, నలుగురికీ నాలుగు తీసేసుకోమంటావా అని అడిగావు. నాలుగు వద్దు, రెండు చాలు. ఒకటి మీ అమ్మకి, ఇంకోటి అల్లుడికి. నీకూ పిల్లాడికీ ఇప్పుడున్నవే సరిపోతాయి.

ముందు మీ అమ్మ సంగతి. వేళ్ళ కీళ్ళు బిగుసుకుపోయి జడ వేసుకోవడానికే అవస్థ పడుతోంది కదా. సన్నటి బ్రష్ కాడ పట్టుకుని, వెనక పళ్ళ లోపలివైపుకి మణికట్టు తిప్పి తోమడం ఆ చేతులతో అయ్యే పని కాదు. పోయినసారి వచ్చినప్పుడు నేను నోరు తెరిపించి చూశాను. ముందు పళ్ళు శుభ్రంగానే ఉన్నాయి, కింది దవడ లోపలివైపు మాత్రం గార కట్టేసింది. కరెంటు బ్రష్ కాడ లావుగా ఉంటుంది, పిడికిట్లో ఇముడుతుంది. ఆడే పని అదే ఆడుతుంది. తను పంటి దగ్గర ఆనించి ఉంచితే చాలు. అసలు ఈ వస్తువు వాడుకలోకి వచ్చిందే ఇలాంటివాళ్ళ కోసం. 1954లో స్విట్జర్లాండ్‌లో బ్రోక్సోడెంట్ అనే పేరుతో ఒకటి చేసినప్పుడు చేతులు సరిగా ఆడనివాళ్ళనీ, పళ్ళకి క్లిప్పులు వేయించుకున్నవాళ్ళనీ దృష్టిలో పెట్టుకునే చేశారు. పక్షవాతం వచ్చినవాళ్ళకి పక్కనున్నవాళ్ళు తోమాల్సి వచ్చినప్పుడు కూడా ఇదే సుఖం.

అయితే దీంతో ముందు పళ్ళ మీది గోధుమరంగు చారలు పోతాయని మీ అమ్మ ఆశపడుతుంది. పోవని ముందే చెప్పు. అవి పైన అంటుకున్న మరకలు కావు. మేం కనిగిరి వైపు నీళ్ళు తాగి పెరిగినవాళ్ళం. చిన్నప్పుడు పంటి పైపొర తయారయ్యే రోజుల్లోనే ఆ నీళ్ళలో ఎక్కువగా ఉన్న ఫ్లోరైడ్ దాన్ని చెడగొట్టింది. ఆ ప్రాంతం అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేది. అక్కడి ఫ్లోరోసిస్ గురించి వైద్యులు 1937లోనే రాశారు. నాకూ ఉన్నాయి ఆ చారలు. పళ్ళ డాక్టరుగా ఉద్యోగం చేసినన్నాళ్ళూ వాటితోనే నవ్వాను, ఎవరూ పారిపోలేదు. బొగ్గూ ఉప్పూ వేసి రుద్ది రుద్ది ఆ చారలు పోగొట్టాలని చూసి, ఉన్న పైపొర కూడా అరగ్గొట్టుకుని వచ్చేవాళ్ళు మా ఆస్పత్రికి. తనకి అంతగా బాధగా ఉంటే డాక్టరు చేత ఫిల్లింగ్ లాంటిది పెట్టించుకోవచ్చు గానీ, ఈ వయసులో ఎందుకంటాను నేను.

ఇక అల్లుడు. బాత్‌రూమ్‌లో ఆయన బ్రష్ చూశాను, పీచు నాలుగు వైపులా విచ్చుకుని ఉంది. నెల తిరక్కుండానే అలా అవుతుందని నువ్వే అన్నావు. గట్టిగా రుద్దితేనే తెల్లబడతాయనుకునే మనిషి. అందుకే పైవరస పళ్ళకి చిగురు పైకి జరిగిపోయి, చన్నీళ్ళు తగిలితే జివ్వుమంటున్నాయి. ఆయనకి మాత్రం చవకది కొనకు. ఎక్కువ నొక్కితే ఎర్రలైటు వెలిగేదో, వేగం తగ్గిపోయేదో చూసి తీసుకో. ప్రెషర్ సెన్సర్ అని డబ్బా మీద రాసి ఉంటుంది. పెళ్ళాం చెబితే వినని మాట మిషను చెబితే వింటారు మగవాళ్ళు, ఇది నా అనుభవం. పాత బ్రష్ లాగా దాన్నీ అటూ ఇటూ తోమితే మాత్రం ఉన్న చిగురు కూడా పోతుంది.

నీకెందుకు వద్దన్నానంటే, నీ చెయ్యి బాగుంది, చిగుళ్ళ నుంచి రక్తం రాదు, రెండు పూటలా తోముకుంటావు. మిషను మేలా, చేత్తో తోమడం మేలా అని పరీక్షలు చాలానే జరిగాయి. వైద్య పరీక్షల ఫలితాలని కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థవాళ్ళు 2014లో అలాంటివి 56 కలిపి చూశారు. మూడు నెలలు దాటాక మిషను వాడినవాళ్ళకి పాచి సగటున 21 శాతం, చిగుళ్ళ వాపు 11 శాతం తక్కువగా కనిపించాయి. తేడా ఉంది, కాదనను. కానీ అది సరిగా తోమనివాళ్ళనీ, తోమేవాళ్ళనీ కలిపి తీసిన సగటు. నీలాంటివాళ్ళకి ఆ డబ్బు పళ్ళ సందుల్లో తోముకునే చిన్న బ్రష్షుల మీదా, ఏడాదికోసారి క్లీనింగ్ మీదా పెడితే ఎక్కువ లాభం. ఎంత ఖరీదైన మిషనైనా పంటికీ పంటికీ మధ్య సందులోకి వెళ్ళదు.

పిల్లాడికి ఏడేళ్ళు. మూడు రోజులు బొమ్మలా ఆడుకుని నాలుగో రోజు మూల పడేస్తాడు. రాత్రిపూట నువ్వే ఓసారి తోమి పంపించు, ఇంకో ఏడాది ఆ పని తప్పదు. పేస్టు బఠానీ గింజంత చాలు, టీవీలో చూపించినట్టు బ్రష్ పొడుగునా అక్కర్లేదు. రేపు క్లిప్పులు వేయించాల్సి వస్తే అప్పుడు మిషను ఆలోచిద్దాం.

కొనేటప్పుడు గుండ్రటి తల గిరగిరా ఇటూ అటూ తిరిగేదా, సన్నగా అదిరే సోనిక్‌దా అని తల బద్దలు కొట్టుకోకు. రెండూ పనిచేస్తాయి. మార్చుకునే తలల ధర మాత్రం ముందు చూడు. మూడు నెలలకోటి మార్చాలి, అంటే ఇద్దరికి ఏడాదికి ఎనిమిది. ఒక కంపెనీది ఇంకో కంపెనీ కాడకి పట్టదు. వాటి ఖర్చు చూసి చాలామంది ఒకే తలని ఏడాది పొడుగునా వాడేస్తారు, అప్పుడది చేతి బ్రష్ కన్నా కనాకష్టం. పెన్సిల్ సెల్లుతో నడిచే చవకవి మీ అమ్మకి వద్దు. సెల్లు నీరసపడే కొద్దీ అదీ నీరసపడుతుంది.

వాడే పద్ధతి తనకి నువ్వు పక్కన నిలబడి చూపించాలి. నోట్లో పెట్టాకే స్విచ్ వెయ్యాలి, లేకపోతే పేస్టంతా అద్దం మీదే. పీచు సగం పంటి మీద, సగం చిగురు అంచు మీద పడేలా ఏటవాలుగా ఆనించి, ఒక్కో పంటి దగ్గర రెండు మూడు సెకన్లు ఆగి, పక్క పంటికి జరపాలి. ముప్పై సెకన్లకోసారి అది ఆగినట్టై చెబుతుంది, అప్పుడు నోట్లో ఇంకో మూలకి వెళ్ళాలి. మొత్తం రెండు నిమిషాలు. మొదట్లో చక్కిలిగింతలు పెట్టినట్టుంటుంది, వారంలో అలవాటైపోతుంది. అయ్యాక నురుగు ఉమ్మేస్తే చాలు. మనవాళ్ళకి చెంబుడు నీళ్ళు పుక్కిలించి, వీధి చివరికి వినపడేలా నాలుక గీసుకుంటే గానీ తోమినట్టుండదు. నాలుక ముందే గీసుకోమను. పేస్టులోని ఫ్లోరైడ్ కాసేపు పళ్ళ మీద ఉండాలి, అది పంటికి చేసే మేలు. నీళ్ళలో ఎక్కువై చేసిన చెడుతో దీన్ని కలిపేసి భయపడొద్దని చెప్పు. ఉదయం కన్నా రాత్రి తోమడం ముఖ్యం. నిద్రలో లాలాజలం తగ్గుతుంది కాబట్టి పంటికి కాపలా ఉండదు. పాలు తాగాక తోముకోమను, తోముకున్నాక పాలు తాగడం కాదు.

మొదటి వారం కాస్త రక్తం కనిపిస్తే బ్రష్ మానేయొద్దు. రెండు వారాలైనా తగ్గకపోతే డాక్టరుకి చూపించు. మీ అమ్మకి షుగర్ ఉంది, చిగుళ్ళ జబ్బు దాన్ని పెంచుతుంది, అది దీన్ని పెంచుతుంది.

కాబట్టి ఆదివారం ఆఫర్ పోతే పోనీ, మళ్ళీ పండక్కి పెడతారు. ముందు తనని క్లీనింగ్‌కి తీసుకెళ్ళు. గట్టిపడ్డ గారని ఏ బ్రష్షూ కదిలించలేదు, దాని మీద ఎంత తోమినా దండగే. క్లీనింగ్ చేయిస్తే పళ్ళు కదులుతాయని గొడవ చేస్తుంది. గార కింద అప్పటికే వదులైన పళ్ళే ఆ తర్వాత బయటపడతాయి తప్ప, క్లీనింగ్ వల్ల కదలవని నేను చెప్పానని చెప్పు. నా మాటైతే వింటుంది, కనీసం ఫోన్‌లోనైనా.

చార్జర్ బాత్‌రూమ్‌లో పెట్టొద్దు. మన బాత్‌రూమ్‌ల్లో బకెట్ నీళ్ళు ఎటు పడతాయో తెలియదు. పడగ్గదిలో ప్లగ్గుకి పెట్టుకుంటే సరి. వాడాక తల ఊడదీసి కడిగి ఆరబెట్టమను, తడి మీద మూత బిగించొద్దు. బిల్లు దాచిపెట్టు.

మీ పెద్దమ్మ